జాబితాలో ముప్పై ఒకటో వస్తువు

మా దేవుపట్నం కారొనేషన్ క్లబ్బుకు వారసత్వ గుర్తింపు రావడానికి కారణం భవనం కాదు. సెక్రటరీగా ఆ సంగతి నేనే ముందు ఒప్పేసుకుంటున్నాను. వరండాకు పది స్తంభాలు ఉండాలి, తొమ్మిదే ఉన్నాయి. పదోది లేపే సమయానికి మేస్త్రీకి పెళ్ళి కుదిరి వెళ్ళిపోయాడని మా పెద్దలు చెప్పేవారు. చరిత్రకెక్కిన వాళ్ళెవరూ మా క్లబ్బులో కాలు పెట్టలేదు. ఒక గవర్నరు గారు వస్తానని కబురు పెట్టి, మా స్టేషన్లో రైలు దిగి, మా ఎండ చూసి, అదే రైలు మళ్ళీ ఎక్కేశారు. మా చరిత్ర మొత్తం మీద చెప్పుకోదగ్గ ఘట్టం అదే.

ఇలా గుట్టుగా బతుకుతున్న మాకు పోయిన ఏడాది గండం వచ్చింది. మునిసిపాలిటీ వారికి మా స్థలంలో కార్లు నిలుపుకోడానికి నాలుగంతస్తుల షెడ్డు కట్టాలని బుద్ధి పుట్టింది. ఊళ్ళో ఉన్న కార్లన్నీ తెచ్చి పెట్టినా మొదటి అంతస్తు సగం ఖాళీగానే ఉంటుందని మేము విన్నవించుకున్నాం. షెడ్డంటూ ఉంటే కార్లు అవే వస్తాయని కమిషనరు గారు సెలవిచ్చారు. క్లబ్బుంది కదా అని మేధావులు వచ్చారా అని అడుగుదామనుకున్నాను గాని, ఆ ప్రశ్న మాకే తగులుతుందని ఊరుకున్నాను.

మా ప్రెసిడెంటు పద్మనాభం గారు రిటైరైన మునసబు. పురాతన సాంఘిక భవనాల సంరక్షణ మండలి అని ఒకటుందనీ, అది ముద్ర వేస్తే మునిసిపాలిటీ మన గోడ మీద చెయ్యి కూడా ఆనించలేదనీ ఆయనే కనిపెట్టారు. దరఖాస్తు పంపాం. మండలి తరఫున డాక్టర్ కృత్తివాసరావు గారు పరిశీలనకు వచ్చారు. మెళ్ళో రెండు కళ్ళజోళ్ళు, చేతిలో టేపు, భుజాన గుడ్డసంచీ. వరండా చూసి పెదవి విరిచారు. పేకాట గది చూసి నిట్టూర్చారు. బిలియర్డ్స్ గది గుమ్మంలో మాత్రం టక్కున ఆగిపోయారు.

ఆ గదిలో ఏం జరుగుతోందో అర్థం కావాలంటే మా తొమ్మిదో నిబంధన తెలియాలి. "సభ్యుడు బల్లపై వంగినది మొదలు బంతి కదలు వరకు మార్కరు కదలరాదు, దగ్గరాదు, గోకికొనరాదు" అని మా మొదటి పుస్తకంలో ఉంది. మార్కరంటే ఆటగాళ్ళకు కర్రలు అందించి, పాయింట్లు చెప్పే మనిషి. మా మార్కరు దాలయ్య నలభై నాలుగేళ్ళుగా ఈ నిబంధనను అక్షరాలా పాటిస్తున్నాడు. చిక్కేమిటంటే పద్మనాభం గారు బంతిని కొట్టరు, విచారిస్తారు. కోర్టులో అలవాటైన పద్ధతి. ఒకసారి వంగితే ముప్పావు గంటకు గాని తీర్పు రాదు.

ఆ రోజూ అలాగే వంగి ఉన్నారు. బల్ల పక్కన తెల్లకోటు, ఎర్ర నడికట్టు, తలపాగాతో, చేతిలో పొడుగు కర్రతో దాలయ్య నిలబడి ఉన్నాడు. కృత్తివాసరావు గారు అతని చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఎత్తు కొలిచారు. కోటు గుండీని గోటితో గీసి చూశారు. రాసుకోడానికి రెండు చేతులూ కావలసి వచ్చి, గుడ్డసంచీ తీసి దాలయ్య కర్రకు తగిలించారు. దాలయ్య కిమ్మనలేదు. కిమ్మనకూడదు కదా, మునసబు గారు వంగే ఉన్నారు.

నేను చెప్పి ఉండవచ్చు. "అయ్యా, అది మనిషండీ" అని ఒక్క మాట అంటే పోయేది. కాని ఆయన ముఖంలో ఆ వేళ మొదటిసారి ఉత్సాహం కనిపించింది, దాన్ని చెడగొట్టడం ఎందుకనిపించింది. పైగా ఆయనే డాక్టరాయె.

నెల తిరిగేసరికి గుర్తింపు పత్రం వచ్చింది. మిఠాయిలు పంచుకున్నాం. జతచేసిన జాబితా మర్నాడు గాని చదవలేదు. మొత్తం అరవై రెండు వస్తువులు. ముప్పయ్యోది బిలియర్డ్స్ బల్ల. ఆ కిందిది ఇలా ఉంది: "నిలువు మనిషి, ఒకటి. కర్ర సహితం. ముఖము పడమరకు. నలభై నిమిషముల పరిశీలనలో చలనము లేదు కనుక స్థిరము. ప్రథమ శ్రేణి." దాని కింద: "వంగిన మనిషి, ఒకటి. పరిశీలన చివర చలించినది కనుక చరము. తృతీయ శ్రేణి."

పద్మనాభం గారు ఆ వాక్యం మూడుసార్లు చదివారు. "నేను తృతీయ శ్రేణి ఏమిటి కామేశం" అన్నారు నాతో. "జిల్లా మునసబు కోర్టులో ఇరవై ఏళ్ళు కూర్చున్నాను, నేను కదిలానన్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు."

ఆయన బాధలో ఆయనుండగా నేను అసలు షరతు చూశాను. ప్రథమ శ్రేణి వస్తువు లోపిస్తే గుర్తింపు ఆ రోజే రద్దు. అరవై రెండింటిలోనూ ప్రథమ శ్రేణి దక్కింది ఒక్కదానికే. అంటే నాలుగంతస్తుల షెడ్డుకూ మా క్లబ్బుకూ మధ్య అడ్డంగా నిలబడి ఉన్నది తొమ్మిది స్తంభాలూ కాదు, దాలయ్య.

సరిగ్గా ఆ వారమే దాలయ్య నా గదికి వచ్చాడు.

"బాబూ, ఈ నెలాకరికి నాను మానేస్తానండి" అన్నాడు.

"ఏమైంది దాలయ్యా?"

"ఏటవుద్దండి. మోకాళ్ళు సచ్చిపోనాయి. మా సిన్నమ్మి ఎస్.కోటలో కుట్టు మిసను ఎట్టింది. జాకెట్లకి కాజాలు కుట్టడానికి మనిసి కావాల, నువ్వొచ్చీ నాన్నా అంతంది. కూకుని సేసీ పనండి."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు అతను నవ్వాడు. నలభై నాలుగేళ్ళలో అతను నవ్వడం నేను చూసింది తక్కువ. నవ్వు కూడా చలనమే కదా. నేను మండలికి రాసి చెబుతానన్నాను. నా ఉద్యోగం మానడానికి మండలెందుకు బాబూ అని అడిగాడు. నువ్వు స్థిరాస్తివి దాలయ్యా అని చెప్పలేక, అది ఒక పద్ధతి అన్నాను.

మండలి వారి జవాబు వెంటనే వచ్చింది. "తెలియజేయునది ఏమనగా, జాబితాలోని వస్తువు తన తొలగింపును తానే కోరుటకు నిబంధనలలో అవకాశము లేదు. వస్తువు తరఫున యాజమాన్యము కోరవచ్చును. అట్టి కోరిక తిరస్కరింపబడును. ఇట్లు, కృత్తివాసరావు." మళ్ళీ రాస్తాను, అందాకా ఆగమని దాలయ్యను బతిమాలాను.

ఈలోగా మా సభ్యుడు, ఎముకల డాక్టరు సుబ్బారాయుడు గారు దాలయ్య మోకాళ్ళు నొక్కి చూసి, ఇలా ఇంకో ఏడాది నిలబడితే ఆ తర్వాత ఎప్పటికీ నిలబడలేడనీ, కీళ్ళు మార్చాలనీ, ముందు కూర్చోబెట్టాలనీ అన్నారు. నేను రెండో అర్జీ పెట్టాను, కనీసం ఒక కుర్చీకి అనుమతి ఇప్పించండని. దానికి రెండు పేజీల జవాబు వచ్చింది. "కుర్చీ నూతన చేర్పు అగును. ఆసీన స్థితి నమోదైన భంగిమకు భంగము. ఇక కీళ్ళ మార్పిడి విషయమై: మరమ్మతులందు మూల పదార్థమునే వాడవలెను. లోహము, ప్లాస్టిక్కు నిషిద్ధము. అయినను మండలి మానవతా దృక్పథముతో, వస్తువు వెనుక భాగమున, సందర్శకులకు కనబడని రీతిలో, టేకు ఊత ఒకటి అమర్చుకొనుటకు సమ్మతించుచున్నది. ఊతకు వార్నీషు వేయరాదు."

వడ్రంగిని పిలిచి ఊత చేయించాం. దాలయ్య వీపుకు ఆనేలా, నేల నుంచి నడుము దాకా. గోడ కూలకుండా పెట్టే వాసం ఎలా ఉంటుందో అలాగే ఉంది. చుట్టూ తాడు కట్టించమన్నారు, కట్టించాం. "దయచేసి తాకరాదు" అని బోర్డు పెట్టమన్నారు, పెట్టాం. ఉదయం పది నుంచి ఐదు దాకా దాలయ్య తాడు లోపల నిలబడాలి, మధ్యాహ్నం తలుపులు మూసి అన్నం తినడానికి అరగంట. ఎవరైనా బల్ల మీద వంగి ఉన్నారా లేదా అన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు. తొమ్మిదో నిబంధనకు అంతో ఇంతో దయ ఉండేది, బంతి కదిలితే దాలయ్యా కదిలేవాడు.

సందర్శకులు మొదలయ్యారు. అమ్మాయిల బడి నుంచి ఒక మాస్టారు ఏడో తరగతిని తీసుకొచ్చి, ఇది వందేళ్ళ నాటిదనీ, నోట్సులో రాసుకోమనీ చెప్పారు. ఒక పిల్ల చెయ్యెత్తి, "సార్, కన్నీళ్ళు కారతన్నాయండి" అంది. మాస్టారు దగ్గరగా వచ్చి చూసి, వానాకాలంలో పాత కట్టడాలకు చెమ్మ దిగడం మామూలేనన్నారు. పిల్లలు అది కూడా రాసుకున్నారు.

దాలయ్య గొడవ ఇలా ఉండగా క్లబ్బులో మరో జబ్బు పుట్టింది. ప్రథమ శ్రేణి జబ్బు. ఒక మార్కరుకు దక్కిన హోదా తమకెందుకు దక్కదని సభ్యులకు పట్టుకుంది. రైసుమిల్లు లచ్చుమునాయుడు గారు ముప్పై ఏళ్ళుగా పేకాట గదిలో కిటికీ పక్క కుర్చీ వదలని మనిషి. ఆయన నాయకత్వంలో పద్నాలుగు మంది తమను స్థిరంగా నమోదు చెయ్యమని అర్జీ పెట్టారు. అందరూ సాధన మొదలుపెట్టారు. సాయంత్రం క్లబ్బుకు వస్తే పేకముక్కల చప్పుడు లేదు. కాఫీలు చల్లారిపోయేవి. ఈగలు మాత్రం నిర్భయంగా తిరిగేవి. లచ్చుమునాయుడు గారి భార్య ఫోను చేసి, ఈయన ఇంటి దగ్గర కూడా పలకడం లేదు, మీరేమైనా మందు పెట్టారా అని నన్ను నిలదీసింది.

కృత్తివాసరావు గారు మూడు నెలల తనిఖీకి వచ్చిన రోజున పద్నాలుగు మందీ పదమూడేసి ముక్కలు పట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. ఆయన గడియారం తీసి ఎదురుగా కూర్చున్నారు. పావుగంట అయింది. ఇరవై నిమిషాలు అయింది. అంతమందిలో ఎవరికీ దగ్గు కూడా రాలేదు. పాపం లచ్చుమునాయుడు గారికి ఆ వేళ, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేనిది, పంచిన ముక్కలు పంచినట్టే కలిసిపోయాయి. పెదవులు వణికాయి. ఇరవై మూడో నిమిషంలో "షో" అని ముక్కలు బల్ల మీద కొట్టారు. మిగతా పదమూడు మందీ లేచి, సరిగ్గా కలిశాయో లేదో చూడాలని ఆయన మీద పడ్డారు. కృత్తివాసరావు గారు "చరము, చతుర్థ శ్రేణి" అని గంభీరంగా రాసుకుని బిలియర్డ్స్ గదిలోకి నడిచారు.

అక్కడ ఒక దారానికి తూగుగుండు కట్టి దాలయ్య పక్కన వేలాడదీశారు. మేస్త్రీలు గోడ నిటారు చూసే పద్ధతిలో చాలాసేపు చూశారు.

"సెక్రటరీ గారూ, ముప్పై ఒకటో వస్తువు ఎడమకు రెండంగుళాలు ఒరిగి ఉన్నది. ఇది నిర్వహణా లోపం."

"మోకాలండీ. ఎడమది బాగా పాడైంది."

"కారణాలు మా పరిధిలోకి రావు. వచ్చే సోమవారం పునఃపరిశీలన చేస్తాను. అప్పటికి నిటారుగా లేని పక్షంలో గుర్తింపు ఉపసంహరణకు సిఫారసు చెయ్యవలసి వస్తుంది."

దాలయ్య ఈ మాటలన్నీ విన్నాడు. ఆయన వెళ్ళాక తాడు ఎత్తి మెల్లగా బయటికి వచ్చాడు. కోటు విప్పాడు, నడికట్టు విప్పాడు, తలపాగా తీశాడు. మూడూ మడత పెట్టి బల్ల అంచు మీద ఉంచాడు.

"నానెల్తన్నానండి" అన్నాడు.

"సోమవారం దాకా ఆగు దాలయ్యా. ఒక్క వారం. నువ్వు వెళితే క్లబ్బు ఉండదు."

"ఉండకపోతే నాకేటండి?"

నీ క్లబ్బు కాదా అన్నాను.

"నాదాండీ" అన్నాడు. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే. "ఈ కలబ్బుల ముప్పై యారు కుర్సీలున్నాయండి. పొద్దు పొద్దున్నే తుడిసీవోణ్ణి నానే. ఒక్కదాని మీద కూకోలేదు. కూకోమని ఎవులూ అన్లేదు, నానూ అడగలేదు. తమరు కాయితాలు రాసేరు. మండలోలికి రాసేరు. డాకటేరుకి సూపించేరు. ఎదరుగున్న కుర్సీ లాగి, కూకో దాలయ్యా అని తమరూ అన్లేదు కదండి."

అతను చెప్పింది నిజం. నా చెయ్యి అప్పుడు కుర్చీ మీదే ఉంది. నాకు సిగ్గేసింది. అర్జీలు రాస్తున్నంతసేపూ నేను అతనికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. అర్జీల మధ్య ఇంకో మూడు నెలలు గడిస్తే మునిసిపాలిటీ వాళ్ళు మరో స్థలం చూసుకుంటారన్న ఆశ కూడా నాకు ఉండేది. ఆ ఆశ ఎవరి మోకాళ్ళ మీద నిలబడిందో నాకు తెలుసు.

కుర్చీ లాగి, "కూర్చో దాలయ్యా" అన్నాను.

"బస్సు ఏలయిపోనాదండి" అని అతను కుంటుకుంటూ వరండా దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. దాలయ్యను వెతికి తేవాలని కొందరన్నారు. పారిపోయిన స్థిరాస్తిని ఏ చట్టం కింద పట్టుకోవాలో మునసబు గారికి కూడా తెలియలేదు. సోమవారం ఆ కోటు వేసుకుని ఎవరో ఒకరు నిలబడక తప్పదని తేలింది. లచ్చుమునాయుడు గారు ఛాతీ విరుచుకుని ముందుకొచ్చి ఆరు నిమిషాలు నిలబడి సోడా అడిగారు. డాక్టరు సుబ్బారాయుడు గారు తొమ్మిది నిమిషాలకు, తనకు చీలమండల నొప్పులున్నాయని అప్పుడే కనిపెట్టారు. పద్మనాభం గారు వంగిన మనిషిగా ముందే నమోదై ఉన్నారు కనుక నిలబడే వీలు లేదు. కూర్చుని కదలకుండా ఉండటం ఎవరికైనా వస్తుందనీ, నిలబడి కదలకుండా ఉండటం వేరే సంగతనీ ఆ గంటలో అందరికీ తెలిసింది. చివరికి అందరూ నా వైపు చూశారు. నేను సబ్ రిజిస్ట్రారుగా పని చేసి రిటైరయ్యాను, ఎత్తు సరిపోతుంది, కోటు కూడా సరిపోయింది.

సోమవారం పదింటికి తలపాగా చుట్టుకుని కర్ర పట్టుకుని తాడు లోపల నిలబడ్డాను. కృత్తివాసరావు గారు వచ్చారు. నా ముఖానికి జానెడు దూరంలో రెండు కళ్ళజోళ్ళూ మార్చి మార్చి పెట్టుకుని చూశారు. వారం కిందట ఇదే గదిలో నాతో ఎదురెదురుగా నిలబడి మాట్లాడిన మనిషి. నేను దాలయ్య కంటే తెల్లగా ఉంటాను, నాకు మీసం లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన తూగుగుండు వేలాడదీశారు, చూశారు, ఎంతో సంతోషించారు.

"ప్రెసిడెంటు గారూ, అద్భుతం. సంపూర్ణంగా నిటారు. నమోదు నాటి కన్నా మెరుగైన స్థితి. ఏ మార్పూ లేకుండా ఇంత చక్కగా సంరక్షించిన సంస్థను నేను చూడలేదు. సెక్రటరీ గారు కనిపించరేం?"

"ఊళ్ళో లేడు" అన్నారు పద్మనాభం గారు.

"వచ్చాక నా అభినందనలు చెప్పండి." ఆయన పుస్తకంలో గీత పెట్టి, గుడ్డసంచీ నా కర్ర నుంచి తీసుకుని వెళ్ళిపోయారు. జీపు గేటు దాటిన చప్పుడు వినిపించింది. క్లబ్బు బతికింది. పేకాట గదిలో చప్పట్లు కొట్టారు, ఆ వెంటనే ముక్కలు కలిపారు.

పద్మనాభం గారు మాత్రం అక్కడే ఉన్నారు. కర్రకు సుద్ద రాసుకుని, బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, అవతలి మూలనున్న ఎర్రబంతి మీద గురి పెట్టి వంగారు. ఆయన చూపు మంచిదే. ఆ బంతి నాకు కూడా సరిగ్గా కనిపించడం లేదు. అప్పటికి నేను నిలబడి గంటా పది నిమిషాలు అయింది. నడుము విరిగిపోతోంది, కాళ్ళలో రక్తం లేదు. జీపు ఎలాగూ వెళ్ళిపోయింది కదా అని తాడు ఎత్తి, మెల్లగా గోడ పక్కకు నడిచి, అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. కళ్ళు మూతలు పడ్డాయి. ఎంత హాయో చెప్పలేను.

పద్మనాభం గారు తల తిప్పి నా వైపు చూశారు. బాగానే చూశారు, కోటు కేసీ, తలపాగా కేసీ. ఆయన గొంతులో కోపం లేదు, దాలయ్యతో ఎప్పుడూ మాట్లాడే తీరే.

"కుర్చీలో కూర్చున్నావేమిట్రా? లే."

నేను లేచి నిలబడ్డాను.